తరుగు

గజపతి ఫోన్ పెట్టేశాక
గ్యాసు రసీదు వెనక లెక్క వేసింది సుగుణ.
రాత్రికి నాలుగు వందల యాభై.
మామిడి సీజను, నలభై ఐదు రాత్రులు.
ఇరవై వేల రెండు వందల యాభై.
కింద గీత గీసి
గీత కింద ఏమీ రాయకుండా
పెన్ను నా వైపు తోసింది.

"బరువు పనేం గాదబ్బా,
జ్యూసు ఫ్యాక్టరీ వేబ్రిడ్జి కాడ చీటీలు రాసేదే.
తొమ్మిదికొస్తే మూడుకి పంపించేస్తా.
నీ అక్షరం గుండ్రంగా ఉంటాది" అన్నాడు గజపతి.

నా అక్షరాన్ని ఒకరు మెచ్చుకుని ఎన్నేళ్లయిందో.
పగలంతా నేను రాసేది చేత్తో కాదు.
చిత్తూరు కలెక్టరాఫీసు గోడ పక్కన
గొడుగు కింద, టైపు మిషను ముందు.
పేజీకి ముప్పై.
పింఛను ఆగిపోయిన ముసలామెకూ ముప్పై,
గట్టు జరిపిన అన్న మీద
ఏడుస్తూ వచ్చిన తమ్ముడికీ ముప్పై.
మిషన్లో 'త' మొండికేస్తుంది, రెండుసార్లు కొట్టాలి.
మెకానిక్ ఎనిమిది వందలడిగాడు.
కాబట్టి 'తమరి సముఖమునకు' అని మొదలుపెట్టిన ప్రతిసారీ
తమరికి రెండు దెబ్బలు.

సాయంత్రాలు నాకేమంత రాచకార్యాలు?
ఏడింటికి ఇల్లు. సంకటి, ఊరిబిండి.
పాప లెక్క తప్పు చేస్తే
నేను ఇంకో తప్పు చెప్పి సరిచేయడం.
తర్వాత మెట్ల మీద కూర్చుంటాను, ఊరికే.
వీధి కుక్క కూడా అంత ఊరికే కూర్చోదు.
ఆ ఊరికేకి ఇంతవరకూ ఎవరూ ధర కట్టలేదు.
ఇప్పుడు తెలిసింది, గంటకు డెబ్బై అయిదు.
ధర తెలిసిన రాత్రి
మెట్టు మీద ఎక్కువసేపు కూర్చోలేకపోయాను,
ఎవరి డబ్బో ఖర్చు పెడుతున్నట్టు.

ఒకరాత్రి చూసొద్దామని శనివారం పోయాను.
బంగారుపాళ్యం రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు,
ట్రాక్టర్ల కింద పడుకున్న మనుషులు,
మాగి, మురిగి, తియ్యగా కుళ్లుతున్న తోతాపురి వాసన.
గజపతి వేలు పెట్టి చూపించాడు:
ఇది బండితో తూకం, ఇది ఖాళీ బండి,
ఈ గడిలో తరుగు. నూటికి ఎనిమిది.
"కాయ చూడబళ్లే. ముందే రాసిపెట్టుకో."

నాలుగో బండి దిగినాయన
తువాలు విప్పి మొహం తుడుచుకుంటే గుర్తుపట్టాను.
చిన్నబ్బ.
పోయిన సోమవారం ఆయన అర్జీ కొట్టింది నేనే.
మూడో పేరాలో ఉంది,
'తరుగు పేరుతో కోసుకొనుచున్నారు' అని.
ఆ మాట నాదే. ఆయన "దోచుకుంటా ఉండారు" అన్నాడు,
ఆఫీసుకు బాగుండదని నేనే మార్చాను.

చూస్తాడు, తిడతాడు అనుకున్నా.
"నువ్వా సామీ!
రొండు రాత్రులాయ ఇక్కడ పడి.
మేలాయ, తెలిసినోడివి ఉండావు" అన్నాడు.
తిట్టినా బాగుండేది.

ఎనిమిది అని రాశాను.
గుండ్రంగానే వచ్చింది.

తెల్లవారుజామున ఇంటికొస్తే
సుగుణ తలుపు తీసి ఏమీ అడగలేదు.
చొక్కా వాసన చూసి బకెట్లో వేసింది.
జేబులోని నాలుగు వందల యాభై
పాప లెక్కల పుస్తకం మీద ఆరబెట్టింది.
ఆదివారమంతా ఆ నోట్లు అక్కడే ఉన్నాయి.
సుగుణా తీయలేదు, నేనూ తీయలేదు,
హోంవర్కు చేసుకోవాలని పాపే తీసి
పక్కన పెట్టింది.

సోమవారం మళ్లీ వచ్చాడు చిన్నబ్బ.
ఈసారి వెంట ఇంకో ముగ్గురు.
"పోయినసారిది ఎవురూ చదివినట్టు లేదు.
ఇంగొంచెం గట్టిగా కొట్టు సామీ."
శనివారం సంగతి ఎత్తలేదు. మరిచాడో, దాచాడో.
కాగితం ఎక్కించాను.
'తరుగు' దగ్గర 'త' ఆగింది.
వాళ్లు నలుగురూ నా వేలునే చూస్తున్నారు.
కొట్టాను, ఇంకోసారి కొట్టాను,
ఆ ఒక్క అక్షరం కాగితానికి చిల్లు పెట్టింది.

డబ్బులిచ్చాడు.
రెండు పది నోట్లు, నాలుగు రెండ్రూపాయల బిళ్లలు.
లెక్కపెట్టి తలెత్తితే నవ్వుతున్నాడు.
"రొండు రూపాయలు తరుగు సామీ."

నేనూ నవ్వాను. ఆ ముగ్గురూ నవ్వారు.
జేబులో ఫోను మోగుతోంది.
అటూ ఇటూగా గజపతి లంచ్ టైము అది.
"ఎత్తు సామీ, ఎవురో పిలస్తా ఉండారు" అన్నాడు చిన్నబ్బ,
ఇంకా నవ్వుతూనే.